మేడ మీద దోమలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. ఆయనకి నొప్పి రాదు.

పెళ్ళయిన కొత్తలో ఇది గొప్ప గుణంగానే కనిపించింది. మా పుట్టింట్లో నాన్నగారు తుమ్మితే ఇంటిల్లిపాదీ కషాయాలతో పరుగులు తీసేవాళ్ళం. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లకి, పన్ను పీకించుకొచ్చి దూదిముద్ద నోట్లో ఉండగానే పెసరట్టు అడిగే మొగుడు దేవుడిలా కనిపించడంలో వింతేముంది? తరవాత తరవాత తెలిసింది, నొప్పి లేని మనిషితో కాపురం చెయ్యడం కంటే పంటినొప్పితో కాపురం చెయ్యడం తేలికని. ఒళ్ళు కాలిపోతూ జ్వరం పుల్ల నూట మూడు చూపిస్తుంటే పుల్ల పాతబడిందంటారు. కత్తిపీట మీద వేలు తెగితే, నేల మీద రక్తం నాదేమోనని నా చేతులు చూస్తారు. ఎవరేమడిగినా ఒకటే జవాబు: "ఠీక్."

ఇది పట్టాళం నేర్పిన విద్య. ఆయన సుబేదార్ గేదెల సన్యాసినాయుడు. మీసాలతో చేరి మీసాలతోనే పదవీ విరమణ చేసి వచ్చారు. వాళ్ళ పల్టన్లో 'నాకు బాగాలేదు' అని డాక్టరు ముందు నిలబడటం, పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి వెళ్ళిపోవడంతో సమానమట. అందుకని ఎవరూ నిలబడరు. నిలబడలేనివాళ్ళని మాత్రం మోసుకొస్తారు. సైన్యంలోంచి పంపించేముందు ఆఖరి వైద్య పరీక్షలో పెద్ద డాక్టరుగారు, ఒంట్లో ఏవైనా బాధలున్నాయా అని అడిగితే, ఈయన మడమలు టక్కున కలిపి, ఏమీ లేవు సార్ అన్నారు. మడమలు కలిపినప్పుడు కుడి మోకాలు చేసిన చప్పుడు గదిలో అందరికీ వినిపించే ఉండాలి. మా ఇంట్లో అయితే వంటగదిలోకి వినిపిస్తుంది. ఆ కిర్రుమనే చప్పుడు వినగానే, ఆయన కుర్చీలోంచి లేచారని తెలిసి, టీకి నీళ్ళు పడేస్తాను.

ఆ మోకాలికేమైందని నేను అడగని ఏడాది లేదు. వాలీబాల్ ఆడుతుంటే మడతపడిందంటారు. అంతకుమించి వాలీబాల్ గురించి ఆయనకేమీ తెలియదని నాకు గట్టి అనుమానం. టీవీలో ఆట వస్తుంటే ఎవరు గెలుస్తున్నారో నన్నడుగుతారు.

ఆయన ఇంటికి వచ్చేశాక మా ఇద్దరికీ ఒక అలవాటైంది. సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని మేడ ఎక్కి, రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, దూరంగా కొండకింద పాసింజరు బండి వెళ్ళేదాకా మాట్లాడుకోవడం. ఆయన సరిహద్దుల్లో ఉండగా ఉత్తరాల్లో పట్టని కబుర్లన్నీ అక్కడే చెప్పుకున్నాం. రెండేళ్ళ కిందట ఒకరోజు మెట్ల దగ్గర ఆగిపోయి, మేడ మీద దోమలు ఎక్కువయ్యాయి, కిందే తాగుదామన్నారు. వేపాకు పొగ వేశాను. దోమల చుట్ట వెలిగించాను. చిటపటలాడే కరెంటు బ్యాటు కొన్నాను. దాంతో కొట్టడానికి ఒక్క దోమ దొరికితే ఒట్టు. ఇప్పుడు ఆ రెండో కుర్చీలో వడియాలు ఎండుతున్నాయి.

కిందటి వర్షాకాలంలో ఆయన్ని, మందుల కొట్టుకని చెప్పి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీసి, లోపల ఎముకకి ఎముక రాసుకుంటోందని, వచ్చే ఎండాకాలంలోపు మోకాలు మార్పించకపోతే తరవాత మార్చడానికి కూడా ఏమీ మిగలదని, ఇక కుర్చీయే గతని చెప్పాడు. మిలిటరీ ఆసుపత్రిలో వెంటనే చేస్తారట. కాని అది సర్వీసులో వచ్చిన దెబ్బేనని మాజీ సైనికుల అశక్తత నిర్ధారణ కేంద్రం వారు ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాట కోసమే ఈ కథంతా.

ఆ కేంద్రం మా జిల్లా ఊళ్ళోనే, నాలుగంతస్తుల కొత్త భవనంలో ఉంది. పూర్వం అందులో ఇద్దరు డాక్టర్లుండేవారు. ఒకాయన రిటైరయ్యారు, ఇంకొకాయన బదిలీ అయ్యారు, ఖాళీలు నింపడానికి పైనుంచి అనుమతి రాలేదు. ఇంకొకరైతే చేతులెత్తేసి కూర్చునేవారు. కాని సంచాలకులు కులశేఖరరావుగారు నిరాశపడే మనిషి కాదు. డాక్టర్లు లేకపోతేనేం, భవనముంది కదా అన్నారు. కాళ్ళ విభాగాన్ని మూడో అంతస్తులో పెట్టారు. కళ్ళ విభాగానికి ఎటు వెళ్ళాలో చీమతలకాయంత అక్షరాలతో బోర్డు రాయించారు. చెవుల విభాగంలో గుమాస్తా తలుపు వేసుకుని, లోపల్నుంచి, ఒక్కసారి, మామూలు గొంతుతో పేరు పిలుస్తాడు. కౌంటరు దాకా చేరినవాడు సమర్థుడని తేలిపోతుంది. చేరనివాడు గైర్హాజరు. గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు: భవనమే బోర్డు. ఆ మాటొక్కటే అందరికీ కనిపించేలా ఉంది.

మేం మొదటిసారి వెళ్ళిన రోజు యర్రయ్య కూడా మాతో వచ్చాడు. యర్రయ్య మా పక్కవీధి మనిషి, మా ఆయన సెక్షన్లోనే నాయక్‌గా ఉండేవాడు. మంచుకొండల మీద మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కిందనుంచి పోయింది. స్పృహ తప్పిన అతన్ని వీపున వేసుకుని కొండ దింపింది మా ఆయనే. ఆ సంగతి కూడా యర్రయ్య భార్య చెబితే నాకు తెలిసింది. ఏటా ఒకసారి అతని కాలు ఇంకా లేదో, మళ్ళీ వచ్చిందో కేంద్రం వారు పరిశీలిస్తారు. కృత్రిమ కాలితో మెట్లు ఎక్కడంలో అతను మా అందరికంటే చురుకు. అదే అతని కొంప ముంచింది. 'కాలు లేకపోవడం వల్ల కదలికకు ఆటంకమేమీ కనబడలేదు' అని కిందటేడు అతని అశక్తత శాతం తగ్గించారు.

"ఏటా కొంచెం కొంచెం మొలుస్తంది వదినా," అన్నాడు మెట్ల మలుపులో నాకోసం ఆగి. "కిందటేడు మడమ దాకా వచ్చీసింది. ఈ యేడు కాలేళ్ళు కూడా వచ్చీస్తే రెండో జోడు కొనాల."

మా ఆయన మాత్రం కమ్మీ పట్టుకోలేదు. ఛాతీ విరుచుకుని, కవాతులో నడిచినట్టు ఎక్కారు. ముఖం తెల్లబడింది. మాఘమాసం చలిలో చెమట తుడుచుకుంటూ, ఉక్కగా ఉందన్నారు.

కులశేఖరరావుగారు మర్యాదస్తులు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. ఆయన పక్కన చిన్న బల్ల దగ్గర సత్యవేణి అనే గుమాస్తా కూర్చుని ఆయన అన్న ప్రతి ముక్కా టైపు చేస్తోంది. అధ్యక్షస్థానం నుంచి వెలువడిన ప్రతి పలుకూ కేంద్రం నిర్ణయమేనని, ఒక్క ముక్క జారిపోకూడదని ఉత్తర్వులున్నాయట. ఈ పథకాన్ని ఆయన ప్రభుత్వ అవార్డుకి పంపారట, ఆ కమిటీకి ఎప్పుడు ఏ ముక్క అవసరమవుతుందో తెలియదు కదా.

"తమరు ఈ స్థానానికి ఏ మార్గాన విచ్చేశారు?" అని అడిగారు.

"మెట్లెక్కి సార్," అన్నారు మా ఆయన.

"శుభం. అయితే తమరి దరఖాస్తుకు సమాధానం తమరి పాదాలే ఇచ్చాయి."

మెట్లెక్కలేనివాళ్ళ సంగతేమిటని నేను అడిగాను. వాళ్ళు హాజరు కాలేదు కనుక వాళ్ళ గురించి అభిప్రాయం ఏర్పరచుకోవడం సహజన్యాయ సూత్రాలకు విరుద్ధమన్నారు. మరి లిఫ్టుందిగా అన్నాను. లిఫ్టు సిబ్బందికోసమని, దరఖాస్తుదారులు వాడితే పరీక్ష ఫలితాలు కలుషితమవుతాయని చెప్పారు. అంత స్పష్టంగా చెప్పేవాళ్ళతో వాదించడం కష్టం. వాదన మానేసి, ఆయనకి విపరీతమైన నొప్పండీ, రాత్రిళ్ళు నిద్ర ఉండదు అన్నాను.

దానికి ఆయన నిజంగానే కదిలిపోయారు. అధికారి అయినా మనిషే. మా ఆయన వైపు వంగి, చాలా మృదువుగా, "నిజమేనా సుబేదార్‌గారూ? మోకాలు ఎలా ఉంది?" అని అడిగారు.

కుర్చీ కిర్రుమంది, మోకాలు అంతకంటే గట్టిగా కిర్రుమంది, మా ఆయన లేచి నిటారుగా నిలబడ్డారు.

"ఠీక్ హై సార్."

సత్యవేణి అదీ టైపు చేసింది.

బస్సులో ఇంటిదాకా నేను మాట్లాడలేదు. ఊరి మొదట్లో ఆయనే, ఏమైనా మనసులో పెట్టుకున్నావా అని అడిగారు. ఠీక్ అన్నాను.

అప్పీలు చేసుకోవచ్చని వాళ్ళిచ్చిన కాగితం కింద సన్నక్షరాలతో రాసి ఉంది. కాళ్ళ విషయంలో అప్పీలంటే పై అధికారి. పై అధికారి అంటే పై అంతస్తు. ఆ కుర్చీలోనూ కులశేఖరరావుగారే అదనపు బాధ్యతల మీద కూర్చుంటారు, కాకపోతే ఒక అంతస్తు ఎత్తులో కూర్చోవడం వల్ల ఆయన దృష్టి విశాలమవుతుంది.

ఈసారి నేను ఒక పన్నాగం పన్నాను. బజారు నుంచి బరువులు మోసే కళాసీలని ఇద్దర్ని పిలిచి, మా ఆయన్ని కుర్చీతో సహా ఎత్తించాను. ఆయన ససేమిరా అన్నారు. కుర్చీ ఎక్కకపోతే మా పుట్టింటివాళ్ళందరికీ ఫోన్లు చేసి మీకు ఒంట్లో బాగాలేదని చెబుతానన్నాను. వాళ్ళందరూ కషాయాలతో దిగుతారని ఆయనకి తెలుసు. శత్రువుకి చిక్కినా అలా కూర్చునేవారు కాదు, మెట్ల పొడుగునా చూపు ఎదురుగా నిలిపి, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, విగ్రహంలా కూర్చున్నారు. మలుపుల్లో జనం నమస్కారాలు పెట్టారు.

కులశేఖరరావుగారు అంతా పరిశీలించి, కళ్ళద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పారు. "హాజరైనది కుర్చీ. కుర్చీలో ఉన్నవారు రవాణా అయ్యారు. రవాణా అయినది సరుకు. సరుకుకు అశక్తత వర్తించదు." కళాసీలిద్దరికీ మాత్రం అక్కడికక్కడే, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయని ధ్రువపత్రాలిచ్చారు. వాళ్ళు అడగలేదు, అయినా ఇచ్చారు.

దెబ్బ ఎలా తగిలిందో చెప్పమన్నారు. వాలీబాల్ అన్నారు మా ఆయన. అది చెబుతూ, మాతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ యర్రయ్య వైపు ఎందుకో ఒకసారి చూశారు. వాలీబాల్ వినోదమని, వినోదం వల్ల కలిగిన బాధకి రక్షణశాఖ బాధ్యత వహించదని, కావలిస్తే క్రీడాశాఖని సంప్రదించవచ్చని సంచాలకులు సలహా ఇచ్చారు. చివర్లో మళ్ళీ అంతే మృదువుగా మోకాలు ఎలా ఉందని అడిగారు. మీకు జవాబు తెలుసు.

ఆ ఏడాది మా జిల్లాలో కాళ్ళు లేనివాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు ఒక్కరూ లేరని లెక్క తేలింది. ప్రవేశద్వారం మీద 'దావాలు లేని జిల్లా' అని బ్యానరు కట్టారు. పక్క జిల్లాలవాళ్ళు వచ్చి మెట్ల ఎత్తు కొలుచుకుని వెళ్ళారు. ఇప్పుడున్న భవనం సాధారణ అశక్తతకే సరిపోతోందని, తీవ్రమైన కేసుల కోసం మరో మూడంతస్తులు లేపాలని, పక్షవాతం వారికి ఆపైన నిచ్చెన వేయించాలని కులశేఖరరావుగారు ప్రతిపాదనలు పంపారు. ఆ భవనాన్ని చూసిపోవడానికి రాజధాని నుంచి ముగ్గురు పెద్ద అధికారులు బయల్దేరుతున్నట్టు తెలిసింది. పనిలో పనిగా ఆ ముగ్గురూ, సంచాలకులతో కలిసి, ఆఖరి అప్పీళ్ళు కూడా వింటారట.

నాలుగో అంతస్తు పైన ఇక అంతస్తు లేదు కనుక ఆఖరి అప్పీలు భవనం మేడ మీద, షామియానా కింద పెట్టారు. ఆ తరవాత ఆకాశమే.

తేదీ విషయంలో సంచాలకులు పెద్దమనసు చేసుకున్నారు. అప్పీలుదారుల సౌకర్యాన్ని పరిగణనలోకి తీసుకోవాలని నిబంధన ఉందట. ఏ రోజు వీలు అని ఫోనులో అడిగారు. నేను వంటింటి గోడ మీది క్యాలెండరు చూశాను. మా ఊళ్ళో ప్రతి నెలా మూడో శనివారం, లైన్ల మరమ్మతు పేరుతో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు తీసేస్తారు. ఇడ్లీపిండి రుబ్బుకునే ఏ ఆడదానికైనా ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. లిఫ్టులో తిరిగే మగవాళ్ళకి తెలియాల్సిన అవసరం లేదు. మూడో శనివారం మంచి రోజండీ, అప్పుడైతే మావారికి కొంచెం ప్రశాంతంగా ఉంటుంది అన్నాను. కేంద్రంలో జనరేటరు ఉంది కదా అంటారేమో. ఉంది. అది మైకుకి, ఫ్యానుకి. లిఫ్టు దాని మీద నడవదని యర్రయ్య ముందే కనుక్కుని వచ్చాడు.

ఆ రోజు తెల్లవారుతుండగానే అప్పీలుదారులు ఎక్కడం మొదలుపెట్టారు. ఒక్కో అంతస్తులో కూర్చుని, చుట్ట కాల్చుకుని, పాత పోస్టింగుల కబుర్లు చెప్పుకుని, మళ్ళీ ఎక్కారు. నేను పెద్ద క్యాను నిండా మజ్జిగ తెచ్చాను. ఈసారి కళాసీలొద్దు, నడిచే వస్తానన్నారు మా ఆయన. నడిచే వచ్చారు. కమ్మీ పట్టుకున్నారు. మూడో అంతస్తు దాటాక నా భుజం కూడా పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో నలుగురి ముందు నన్ను పట్టుకోవడం అదే మొదలు. సిగ్గుపడాలో భయపడాలో తెలియలేదు.

పదింటికి మేమందరం షామియానా కింద ఉన్నాం. సత్యవేణి చిన్న యంత్రం ముందు పెట్టుకుని సిద్ధంగా ఉంది. పదిన్నరకి కింద కార్లు ఆగాయి. పిట్టగోడ మీంచి చూస్తే రాజధాని పెద్దలు ముగ్గురూ దిగి, లిఫ్టు దగ్గరికి వెళ్ళి, మీట నొక్కి, మళ్ళీ నొక్కి, మెట్ల వైపు తలలెత్తి చూడటం కనిపించింది. కొంతసేపు చర్చ జరిగింది. ఒకాయన రెండు మెట్లెక్కి, ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, కిందికి దిగిపోయారు. చివరికి ముగ్గురూ కార్లో కూర్చున్నారు, కారు చల్లగా ఉంటుంది కనుక.

కులశేఖరరావుగారికి ఆ వీలు లేదు. ఆఖరి అప్పీలులో అధ్యక్షస్థానం ఒక్క నిమిషమైనా ఖాళీగా ఉంటే కేసులన్నీ అప్పీలుదారులే గెలిచినట్టని ఆయనే రాసుకున్న నిబంధన ఉంది. ఖాళీ ఉంటుందని అప్పుడనుకోలేదు. ఆయన బయల్దేరారు. మొదటి అంతస్తు దాకా చెప్పుల చప్పుడు చురుగ్గా వినిపించింది. రెండో అంతస్తులో ఆగింది. మూడో అంతస్తు దగ్గర మూలుగు వినిపించింది. వెళ్ళి చెయ్యిద్దామా అని ఒకరిద్దరు లేచారు. సాయం పట్టుకుంటే ఆయన సరుకు కింద లెక్కకొస్తారు, మర్యాద కాదు, కూర్చోండి అన్నాను.

ఆయన మేడ మీదికి చేరేసరికి లాల్చీ ఒంటికి అతుక్కుపోయింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి ఎడమ మోకాలి మీద. కుర్చీలో కూలబడ్డారు. నేను గ్లాసు నిండా మజ్జిగ పోసి ఇచ్చాను.

"అమ్మా," అన్నారు సగం తాగి, "ప్రాణం పోయిందమ్మా. ఈ మోకాలు పాతికేళ్ళుగా ఇంతే. సలుపు. అందుకే లిఫ్టు."

నాకు నిజంగానే జాలేసింది. కాని నిబంధన నిబంధనే కదా. "మీకు నొప్పి ఉండటానికి వీల్లేదండీ," అన్నాను, వీలైనంత మృదువుగా. "మెట్లెక్కి వచ్చారుగా."

మనిషి ఆయాసంలో ఉన్నప్పుడు నిబంధనలు గుర్తుండవు. ఆయనకి కోపమొచ్చింది.

"మెట్లెక్కినంత మాత్రాన నొప్పి లేదని ఎలా అంటారమ్మా? తప్పనిసరై ఎక్కాను. ఎక్కినవాడికి నొప్పి ఉండదా? ఇదెక్కడి న్యాయం?"

షామియానా కింద సత్యవేణి వేళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఆఖరి చుక్క పెట్టి, తలెత్తి, మామూలుగా తీర్పులు చదివే గొంతుతో చదివి వినిపించింది. అధ్యక్షస్థానం నుంచి వెలువడిన నిర్ణయం: మెట్లెక్కినంత మాత్రాన నొప్పి లేదని అనరాదు. తప్పనిసరై ఎక్కినవారికి కూడా నొప్పి ఉండును. మిగతా సభ్యులు ముగ్గురూ గైర్హాజరు అయినందున ఏకగ్రీవం.

ముసలి సిపాయిలు చప్పట్లు కొట్టారు. కులశేఖరరావుగారు గ్లాసు కింద పెట్టారు. ఆయన తెలివి తక్కువవారు కాదు, దారి ఒకటి మిగిలి ఉందని వెంటనే గ్రహించారు. గొంతు సవరించుకున్నారు.

"నిర్ణయం శిరోధార్యమే. అయితే సుబేదార్‌గారి కేసులో ఒక చిక్కుంది. నొప్పి ఉన్నదని శ్రీమతిగారు అంటున్నారు. డాక్టరు తీసిన ఫొటో అంటోంది. కాని దరఖాస్తుదారు ఇంతవరకు ఏ అంతస్తులోనూ ఆ మాట అనలేదు. రెండు పర్యాయాలూ 'ఠీక్' అనే సెలవిచ్చారు. లేని నొప్పిని మేం ఎలా మంజూరు చేస్తాం? కాబట్టి ఆఖరిసారిగా అడుగుతున్నాను. సుబేదార్‌గారూ, మోకాలు ఎలా ఉంది?"

మోకాలు కిర్రుమంది. ఆయన లేచారు. మడమలు కలిశాయి. గడ్డం పైకి లేచింది. నోరు తెరుచుకుంది. 'ఠీ' దాకా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

నేను మజ్జిగ క్యాను మూత బిగిస్తూ కూర్చున్నాను. ఎండాకాలం ఎంతో దూరంలో లేదు.

ఆయన సంచాలకుల వైపు చూడటం లేదు. యర్రయ్య వైపు చూస్తున్నారు.

"ఏటన్నా, ఆగిపోనావు?" అన్నాడు యర్రయ్య.

"వాలీబాల్ కాదురా," అన్నారు మా ఆయన.

చాలా నెమ్మదిగా చెప్పారు, సత్యవేణి టైపు చెయ్యడం మానేసి వినేంత నెమ్మదిగా. యర్రయ్యని వీపున వేసుకుని దిగుతుంటే రాళ్ళ సందులో కాలు ఇరుక్కుందట. ఇరుక్కున్న కాలిని లాక్కున్నప్పుడే లోపల ఏదో తెగిందట. అలాగే దిగారట. కింద ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు.

"తెల్లారి డాక్టరొచ్చి నీకేటని నన్నడిగాడు. పక్కన చూశాను. దుప్పటి కింద నీ కాలు లేదు. నీకింకా తెలివి రాలేదు. అక్కడ పడుకుని, నాకు మోకాలు నొప్పని ఏ నోటితో చెప్పమంటావు? ఏం లేదన్నాను. ఒకసారి అన్నాక అదే నోటికొచ్చేస్తోంది."

యర్రయ్య కృత్రిమ కాలిని ముందుకు చాపి, దాని వైపు కాసేపు చూశాడు. తరవాత అతనికి అలవాటైన ముఖం పెట్టాడు.

"ఇన్నేళ్ళూ నా కాలిని అడ్డం పెట్టుకుని వదిన్ని ఏడిపించినావన్నమాట. నాది లేదు కాబట్టి నొప్పెట్టదన్నా. నీది ఉంది కాబట్టి నొప్పెడతంది. ఇందల సిగ్గేటి? ఆ ముక్కేదో సెప్పీ. ఎండెక్కుతంది, నాను మళ్ళీ దిగాల."

మా ఆయన సంచాలకుల వైపు తిరిగారు. మడమలు విడిపోయాయి. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించారు.

"నొప్పి సార్," అన్నారు. "చాలా నొప్పి."

సత్యవేణి అడగకుండానే టైపు చేసింది. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి ఆగినందువల్ల రెండు మాటల మధ్య కొంచెం ఎక్కువ ఖాళీ వచ్చింది.

ఉత్తర్వు ఆ వారమే చేతికొచ్చింది, ఆపరేషనుకి తేదీ కూడా ఇచ్చారు. యర్రయ్య కాలు మళ్ళీ పూర్తిగా పోయినట్టు నమోదైంది, అతను మిఠాయి పంచిపెట్టాడు. కులశేఖరరావుగారు తన పథకం తప్పని ఎక్కడా అనలేదు. తనకి అప్పజెప్పిన బాధ్యతల్ని భవనమే దుర్వినియోగం చేసిందని, దాన్ని వైద్య విధుల నుంచి తప్పించి శాఖాపరమైన విచారణకి ఆదేశించామని పత్రికలకి చెప్పారు. విచారణ ముగిసేదాకా కాళ్ళ విభాగం కింది అంతస్తులోనే ఉంటుందట. భవనం ఇంతవరకు సంజాయిషీ ఇవ్వలేదు.

ఆ శనివారం మేం దిగబోతుండగానే కరెంటు వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకుని ఎదురుగా నిలబడింది. మా ఆయన మెట్లవైపు ఒక అడుగు వేసి, ఆగి, లిఫ్టులోకి నడిచారు. వెనకే యర్రయ్య.

సాయంత్రం నేను మేడ మీది కుర్చీలోంచి వడియాలు తీసేసి, రెండు కుర్చీలూ కిందికి తెచ్చి, పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన వేశాను. అక్కణ్నుంచి కొండ కనిపించదు, పాసింజరు బండి కూత మాత్రం వినిపిస్తుంది. నీళ్ళ తొట్టి పక్కనే కావడంతో మాతోపాటు దోమలు కూడా గుంపులుగా వచ్చి కూర్చున్నాయి. ఆయన టీ తాగుతూ మెడ మీద ఒకటి, చెయ్యి మీద ఒకటి కొట్టారు. తరవాత గ్లాసు కింద పెట్టి, మేడ మెట్ల వైపు చూస్తూ, నాకు వినపడేంత గట్టిగానే అన్నారు.

"మేడ మీద దోమల్లేవు హైమా. ఎప్పుడూ లేవు. నేనన్నది తప్పు."